ప్రజలకు లాగిన్ లేదు

విశ్వవిద్యాలయంలో ఒక సభ జరిగిందనడానికి ఇప్పుడు సాక్ష్యం సభ కాదు, పోర్టల్. అవగాహన సదస్సు ముగిసి, వందన సమర్పణలో మైకు సర్దిన కుర్రాడి పేరు దాకా చదివేసి, అందరూ టీ తాగి వెళ్లిపోయినా సరే, వివరాలు అప్‌లోడ్ కాకపోతే ఆ సభ జరగనట్టే. అప్‌లోడ్ అయితే మాత్రం, జరగకపోయినా పెద్ద ఇబ్బంది లేదు. ఇన్నాళ్లూ ఈ పుణ్యకార్యం ఎక్సెల్ షీట్లతో, ‘సాయంత్రం అయిదులోగా పంపగలరు’ అనే వాట్సాప్ హెచ్చరికలతో, ఐక్యూఏసీ (అంతర్గత నాణ్యతా విభాగం) కోఆర్డినేటర్ గారి రక్తపోటుతో నడిచింది. ఇప్పుడు దానికి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది. క్యూఆర్ కోడ్‌తో హాజరు పడుతుంది, ఫొటోలు ఏ పద్దువి ఆ పద్దులోకి సర్దుకుంటాయి, ఒక్క బటన్ నొక్కితే ఏడాది నివేదిక మొత్తం పీడీఎఫ్‌గా రాలిపడుతుంది. దీంతో విశ్వవిద్యాలయం ప్రజలకు మరింత చేరువవుతుందని ప్రకటనలు చెబుతాయి. నివేదికకు చేరువవుతుందనే మాట వరకు ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

ఈ ఆత్రం ఊరికే పుట్టలేదు. 1994లో యూజీసీ ఏర్పాటు చేసిన నాక్ బెంగళూరులో కూర్చుని దేశంలోని విద్యాసంస్థలను ఏడు ప్రమాణాల మీద తూస్తుంది. మూడో ప్రమాణంలో పరిశోధన పక్కనే విస్తరణ కార్యక్రమాలకూ ఒక పద్దు ఉంది. గత అయిదేళ్లలో ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, రెడ్‌క్రాస్ వంటి వాటి ద్వారా ఎన్ని కార్యక్రమాలు చేశారు, స్వచ్ఛభారత్, ఎయిడ్స్ అవగాహన లాంటివి ఎన్ని అని అది అడుగుతుంది. 2017లో పద్ధతి మార్చి, మార్కుల్లో సుమారు 70 శాతం అంకెల మీదే ఆధారపడేట్టు చేశారు. తనిఖీ బృందం గెస్ట్‌హౌస్‌లో దిగకముందే ఆ అంకెలను, వాటికి జతచేసిన పత్రాలను ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు సరిచూస్తారు. నాలుగింటికి 3.51 వస్తే ఏ ప్లస్ ప్లస్. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఆ 3.51 మొదటి వర్గం విశ్వవిద్యాలయాల గుమ్మం కూడా. అది దాటినవాళ్లు సొంత నిధులతో కొత్త కోర్సులు, విభాగాలు యూజీసీ అనుమతి లేకుండానే తెరుచుకోవచ్చు. కాబట్టి బస్తీలో చీపురు పట్టిన విద్యార్థి వీధి ఊడుస్తున్నానని అనుకుంటాడు గానీ, నిజానికి దశాంశ స్థానాలు పోగుచేస్తున్నాడు.

అంకె కావాలంటే సాక్ష్యం కావాలి. సాక్ష్యమంటే జియోట్యాగ్ ఫొటో. అక్షాంశ రేఖాంశాలను ఫొటో మీద అచ్చేసే యాప్ ఫోన్‌లో లేని అధ్యాపకుడు ఇవాళ చాక్‌పీస్ లేని అధ్యాపకుడి కన్నా నిస్సహాయుడు. ఆ ఫొటో ఏం రుజువు చేస్తుంది? ఫలానా రోజున ఫలానా రేఖాంశం మీద ఒక ఫోను ఉందని. ఫ్లెక్సీ ఉందని, దాన్ని పట్టుకుని కొందరు నిలబడ్డారని కూడా. వాళ్లు ఏమడిగారో, అడిగినదానికి జవాబు దొరికిందో ఉపగ్రహానికి కనిపించదు. ‘ఫలితాలు’ అనే గడి ఒకటి ఉంటుంది, నిజమే. దాన్ని నిర్వాహకుడే నింపాలి కనుక, పాల్గొన్నవారిలో అవగాహన ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. తగ్గిన దాఖలా లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఈ విద్య శిఖరాన్ని అందుకుంది. వెబినార్ చివర్లో గూగుల్ ఫారం నింపితే మెయిల్‌కు ఈ-సర్టిఫికెట్ వచ్చేది. కెమెరా ఆపి, మైకు ఆపి, పప్పుకు తిరగమోత వేసుకుంటూ జాతీయ సదస్సుల్లో పాల్గొనే సౌకర్యం మన మేధావులకు అంతకుముందు లేదు. ఇలా హాజరు లెక్కతో ఫలితం తేల్చడమంటే, ఎత్తిన విస్తళ్లు లెక్కపెట్టి పెళ్లివారి కాపురం ఎలా ఉందో చెప్పడమే. కొత్త సాఫ్ట్‌వేర్ చేసేదల్లా విస్తళ్లను ఇంకా వేగంగా, ఇంకా కచ్చితంగా లెక్కపెట్టడం.

ర్యాంకుల సంగతి మరీ విచిత్రం. విద్యాసంస్థలకు 2016 నుంచి ఏటా ఇస్తున్న జాతీయ ర్యాంకుల్లో, అంటే ఎన్ఐఆర్ఎఫ్‌లో, ‘అవుట్‌రీచ్ అండ్ ఇంక్లూజివిటీ’కి 10 శాతం వాటా ఉంది. అక్కడ లెక్కించేది ఇతర రాష్ట్రాల, దేశాల విద్యార్థులు ఎంతమంది, మహిళలు ఎంతమంది, పేద వర్గాలవారికి ఎంత సాయం, వికలాంగులకు ఏ సదుపాయాలు అని. అన్నీ అడగదగినవే. గేటు బయట నిలబడ్డవాడితో మీరు మాట్లాడారా అన్న ప్రశ్న మాత్రం వాటిలో లేదు.

ప్రజలతో విశ్వవిద్యాలయానికి నిజంగా సంబంధం ఉంటే ఎలా ఉంటుందో తెలియని జాతి కాదు మనది. రోజూ కంచంలో చూస్తున్నదే. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో ‘స్వర్ణ’ వరి వంగడం వచ్చింది. బాపట్ల నుంచి 1986లో ‘సాంబ మసూరి’, అదే మనం బీపీటీ అని పిలుచుకునేది, వచ్చింది. స్వర్ణ గోదావరి దాటి ఒడిశాకు, బెంగాల్‌కు పాకింది. పొలం నుంచి పొలానికి విత్తనం చేతులు మారిన ఆ ప్రయాణాన్ని నేటి పోర్టల్‌లో ఎలా ఎక్కించాలి? ‘కార్యక్రమం: కిసాన్ మేళా. వేదిక: పరిశోధన కేంద్రం ఆవరణ. పురుషులు ఇందరు, స్త్రీలు ఇందరు. జియోట్యాగ్ ఫొటోలు జతచేయడమైనది.’ అంతే. లక్షల ఎకరాలకు గడి లేదు. అంతకన్నా ముఖ్యమైనదానికీ లేదు. సాంబ అన్నం బాగుంటుంది గానీ ఆకుఎండు తెగులుకు లొంగిపోతుందన్నది పొలంలో తేలిన లోపం. ఆ లోపం మళ్లీ ప్రయోగశాల మెట్లెక్కింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే సాంబను తయారుచేశాయి. చదువుకున్నవాళ్లు చెప్పడం, జనం వినడం దగ్గర కథ ఆగలేదు. జనం చెప్పారు, చదువుకున్నవాళ్లు విన్నారు, విని తమ పని మార్చుకున్నారు. ఇప్పుడు తయారవుతున్న వ్యవస్థల్లో సమాచారం నడిచే దారి ఒకటే. విభాగం నుంచి ఐక్యూఏసీకి, అక్కడి నుంచి బెంగళూరుకు. డీన్‌కు లాగిన్ ఉంది, హెచ్‌ఓడీకి ఉంది, డేటా ఎంట్రీ ఆపరేటర్‌కు ఉంది. ఎవరి పేరు మీద ఇదంతా జరుగుతోందో ఆ ప్రజలకు లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ప్రజాధనంతో నడిచే సంస్థ తాను ఏం చేసిందో లెక్క చెప్పొద్దా? కాగితాల కాలంలో జరగని శిబిరాలకు బిల్లులు రాసుకున్నవాళ్లు లేరా? జియోట్యాగ్ వచ్చాకైనా కనీసం ఊరిదాకా వెళ్లక తప్పడం లేదు కదా? ఒప్పుకోవాల్సిందే. ఏడాది చివర ఒకే సమాచారాన్ని నాలుగు నమూనాల్లో నాలుగు ఆఫీసులకు పంపే అధ్యాపకుడికి ఒక్కసారి నింపితే చాలన్న వరం చిన్నదేమీ కాదు. ఖాళీ పోస్టుల మధ్య రెండు మూడు బాధ్యతలు మోసేవాళ్లకు అది ఊపిరి. అయితే లెక్క ఎవరికి చెబుతున్నాం అన్నదే అసలు సంగతి. గ్రేడు ఇచ్చేవాడే ఏకైక పాఠకుడైతే నివేదిక అతని అభిరుచికి తగ్గట్టే తయారవుతుంది. ఆ అభిరుచికి ఎంత విలువ కడుతున్నారో ఒకసారి వార్తల్లోకే వచ్చింది. గ్రేడు కోసం లంచం చేతులు మారిందన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ ఒక తనిఖీ బృందం ఛైర్మన్‌ను, సభ్యులను అరెస్టు చేసింది. నేరం రుజువు చేయాల్సింది కోర్టులో, అది వేరే మాట. కానీ ఊళ్లో రైతును మెప్పించడానికి ఇలాంటి ఏర్పాట్లు చేసినట్టు ఏ కేసూ నమోదు కాలేదు. గ్రేడ్లే తీసేసి ‘గుర్తింపు ఉంది, లేదు’ అనే పద్ధతికి మారతామని 2024 జనవరిలో నాక్ ప్రకటించింది. మంచిదే, దశాంశాల వేట తగ్గొచ్చు. పాఠకుడు మాత్రం మారలేదు.

రెండో అభ్యంతరం పండితులది: తలలు లెక్కపెట్టగలం గానీ మార్పును ఎలా కొలుస్తాం? బ్రిటన్ వాళ్లు రెండూ చేసి చూశారు. అక్కడ ఏటా జరిగే హెచ్‌ఈ-బీసీఐ సర్వేలో ఉపన్యాసాలకు, ప్రదర్శనలకు ఎంతమంది వచ్చారు, సిబ్బంది ఎన్ని రోజులు వెచ్చించారు అని విశ్వవిద్యాలయాలను అడుగుతారు. విస్తళ్ల లెక్క వాళ్లకూ ఉందన్నమాట. దాంతోపాటు పరిశోధనను మదింపు చేసే ఆర్‌ఈఎఫ్‌లో, విశ్వవిద్యాలయం బయట మీ పని వల్ల ఏం మారిందో సాక్ష్యాలతో రాసి చూపమన్నారు. 2014లో దానికిచ్చిన 20 శాతం బరువును 2021లో 25కు పెంచారు. అక్కడా ఆ కథనాలను చెక్కడానికే ఉద్యోగాలు పుట్టాయి, అతిశయోక్తులు పండాయి. దానికి మనం దండం పెట్టాల్సిన పనిలేదు. కాకపోతే ఒక తేడా ఉంది: ఆ కథనానికి బయటివాడి సాక్ష్యం కావాలి. మన నమూనాలో బయటివాడి వంతు సంతకం పెట్టడం, ఫొటోలో నిలబడటం, సమోసా తినడం.

కాబట్టి టెండరు పిలిచేవాళ్లు రెండు గడులు అదనంగా అడగొచ్చు. మొదటిది, వచ్చినవాళ్లు ఏమడిగారు. ఇది నిర్వాహకుడు కాక, అడిగినవాళ్లే తమ భాషలో, రాయలేకపోతే గొంతుతో నింపాలి. రెండోది, ఆరు నెలల తర్వాత తెరుచుకునే గడి: దాని గురించి మీరేం చేశారు. ఖాళీగా ఉంటే ఖాళీగానే అందరికీ కనిపించాలి. సాంకేతికంగా ఇందులో కష్టమేమీ లేదు, గ్యాస్ సిలిండర్ బుకింగుకే మన ఫోన్లు ఇంతకన్నా ఎక్కువ తెలివి చూపిస్తున్నాయి. జనం తిట్లు రాస్తారని భయమా? కొందరు రాస్తారు. సాంబకు తెగులు ఉందన్న మాట కూడా మొదట ఎవరికీ పొగడ్తలా వినిపించి ఉండదు. అసలు కష్టం ఇంకోటి. ఖాళీ గడి డాష్‌బోర్డు మీద ఎర్రగా కనిపిస్తుంది, ఎర్ర రంగు తనిఖీ బృందానికి నచ్చదు. అందుకని ఈ ప్రతిపాదన లేవనెత్తినవారికి ముందు శాలువా కప్పి, ఆ మీదట అధ్యయన కమిటీ వేస్తారు. కమిటీ సమావేశం కూడా కార్యక్రమమే కనుక, అది ప్రజా సంబంధాల కింద వస్తుందా, ఉత్తమ ఆచరణల కింద వస్తుందా అన్నది డ్రాప్‌డౌన్‌లో చూసుకోవాలి.