కాఫీ తాగనివాడి కాఫీ బేరం

మా ఇంట్లో కాఫీ పొడి డబ్బా లేదు, ఎన్నడూ ఉండలేదు. జహీరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. పొద్దున లేవగానే చాయ్, బస్టాండు దాకా పోతే ఇంకో చాయ్. అలాంటి నేను 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ కాఫీ ధర ఇంకా పెరుగుతుందని లెక్కగట్టి అయిదు లక్షలు పెట్టాను. ఎక్కడ పెట్టానన్నది తరువాత చెబుతాను, అసలు సిగ్గు అక్కడుంది.

ఆ డబ్బు అల్లం పెట్టిన డబ్బు. మా వైపు ఎర్ర నేలల్లో అల్లం పాత పంటే. 2022లో ధర లేదు. తవ్వించినా కూలి గిట్టదని కొంత నేలలోనే వదిలేశాను. మరుసటి ఏడు వానాకాలానికి దేశమంతా అల్లం కరువైంది, చిల్లర బజారులో కిలో రెండు వందలు దాటింది. నేలలో మరిచిన పాత అల్లం బంగారమైంది. కూలి డబ్బులకు వెనకాడి చేసిన పనిని నేను నా దూరదృష్టి ఖాతాలో రాసుకున్నాను. ఊళ్లో నలుగురూ "నీకు ముందే తెలుసానే?" అని అడిగితే కాదనలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

అల్లం ధర పట్టుకోవాలంటే కర్ణాటక పంట సంగతి తెలియాలి. హాసన్, కొడగు, శివమొగ్గ వైపు నుంచి సరుకు దిగితే ఇక్కడ మా ధర పడుతుంది. ఆ వాకబు కోసం ఒకసారి హాసన్ వైపు వెళ్లాను. అక్కడ కాఫీ తోటలు చూశాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి అల్లుకున్న మిరియపు తీగలు, కింద కాఫీ మొక్కలు. తోట పనివాళ్లు "మార్చిలో పూత వాన పడాలి, అది తప్పితే పంట లేదు" అన్నారు. అంతే, నాకు కాఫీ తెలిసిపోయింది. పెళ్లికి వెళ్లి భోజనం చేసినవాడు వంట మేస్త్రీనని చెప్పుకున్నట్టు, ఆ ఒక్క చూపుతో నేను కాఫీ మనిషినైపోయాను.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అరబికా రకం కాఫీ ధర 1977 నాటి రికార్డును దాటింది. పేపర్లో చదివి ఆ పాత కథంతా వెతికాను. 1975 జులైలో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో గడ్డ మంచు పడి కాఫీ చెట్లు నల్లగా మాడిపోయాయి. ఆ ఏటి పంట అప్పటికే చాలావరకు ఇంటికి చేరింది, పోయింది రాబోయే పంట. అందుకే ధర ఒక్కసారి ఎగిరి ఆగలేదు, రెండేళ్లపాటు పెరుగుతూ 1977లో పౌనుకు 3 డాలర్లు దాటింది. ఇది చదివాక చాయ్ హోటల్లో నాకు ఎదురు లేకుండా పోయింది. పరానా అని, మినాస్ జెరాయిస్ అని బ్రెజిల్ రాష్ట్రాల పేర్లు చెబుతుంటే వినేవాళ్లు గ్లాసు కింద పెట్టేవాళ్లు.

ఇక్కడొక మాట చెప్పి తీరాలి. తెలంగాణలో చలి లెక్కలు చెప్పేటప్పుడు మా పక్కనున్న కోహీర్ పేరు తరచూ ముందు వినిపిస్తుంది. ఆ చలికాలం దుప్పటి కప్పుకొని ఫోన్లో బ్రెజిల్ వాతావరణం చూస్తూ, మనకే ఇంత చలి ఉంటే అక్కడ మంచు పడకపోతుందా అని రాత్రులు ఎదురు చూశాను. బ్రెజిల్ భూమధ్యరేఖకు అవతల ఉందని, అక్కడ చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా అని, మనం వణికేటప్పుడు వాళ్లకు ఎండాకాలమని ఏడో తరగతి పిల్లవాడికీ తెలుసు. జనవరిలో బ్రెజిల్ మంచు కోసం కాచుకున్న మనిషి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మన సరుకుల ఎక్స్చేంజీల్లో బంగారం, వెండి, ముడి చమురు దొరుకుతాయి. పసుపు కావాలంటే ఎన్‌సీడీఈఎక్స్‌లో ఉంది, సరుకు అప్పగించే కేంద్రం నిజామాబాదే. కాఫీ కోసం వెతికితే నాకు కొనదగ్గ కాంట్రాక్టు కనబడలేదు. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగేవాడు. న్యూయార్క్‌లో అరబికా కాంట్రాక్టు ఒక్కటి 37,500 పౌన్లు, అంటే 17 టన్నులు. అప్పటి ధరకు మన డబ్బుల్లో కోటీ ముప్పై లక్షల పైమాటే. అది నా తాహతు కాదని కూడా తెలుసు. అప్పుడే ఫోన్లో ఒక యాప్ ప్రకటన కనిపించింది. ముక్కలుగా కొనుక్కోవచ్చట, పెట్టినదానికి పదింతల సరుకు ఇస్తారట. అయిదు లక్షలకు యాభై లక్షల కాఫీ, ఆరు టన్నులకు దగ్గర. మా ఇంటామెకు చెబితే ఒక్కటే అడిగింది: "మనింట్ల కాఫీ తాగేటోళ్లు ఎవరున్నరు?" వ్యాపారం వేరు, తాగడం వేరని గంభీరంగా చెప్పాను.

ధర 4 డాలర్లు దాటి రికార్డులు బద్దలవుతున్న ఫిబ్రవరిలో కొన్నాను. సరిగ్గా శిఖరం మీద. పదింతల సరుకు పట్టుకున్నవాడికి ధర పది శాతం పడితే పెట్టిన సొమ్మంతా సున్నా. ఈ చిన్న లెక్క నేను కొన్నాక వేశాను. నెల ముగిసేలోపే ధర పదిశాతం పైగా జారింది. ఆ పది శాతం నిండకముందే యాప్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "సర్, ఇది డిప్ సర్. ఇప్పుడు మార్జిన్ యాడ్ చేస్తే మీ పొజిషన్ సేఫ్ సర్." ఇంకొంత డబ్బు కట్టమని దానర్థం. మర్యాదస్తుడు, మాటకు రెండు సర్‌లు. మా ఇంటామె గాజులు బ్యాంకులో పెట్టి మూడు లక్షలు తెచ్చి కట్టాను. అల్లం విత్తనానికని చెప్పాను. అల్లంలో విత్తనం ఖర్చే పెద్దది కాబట్టి ఆమె నమ్మింది. అబద్ధం కూడా నాకు తెలిసిన పంట మీదే ఆడగలిగాను. ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటనతో సరుకుల మార్కెట్లన్నీ కంపించినప్పుడు ఆ మూడూ పోయాయి. ఖాతా దానంతటదే మూసుకుంది.

జులై నాటికి ధర 3 డాలర్ల కిందికి వచ్చింది. పోనీలే, ఎలాగూ పోయేదే అని సర్దిచెప్పుకున్నాను. ఆగస్టు 6 నుంచి అమెరికా బ్రెజిల్ సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కాఫీ పండించేది బ్రెజిల్, అందరికంటే ఎక్కువ కొనే దేశాల్లో ముందుండేది అమెరికా. సెప్టెంబరులో ధర మళ్లీ 4 డాలర్లు దాటింది. నవంబరులో కాఫీ మీద ఆ సుంకం ఎత్తేశారు, అది వేరే కథ. ధర మళ్లీ పైకి పోతుందన్న నా లెక్క నిజమైంది. కానీ అది నిజమయ్యేనాటికి నా దగ్గర గింజ లేదు. డబ్బు పోయినప్పటికంటే ఆ సెప్టెంబరులో ఎక్కువ ఏడ్చాను.

అల్లం నాకు డబ్బిచ్చింది నా తెలివి చూసి కాదని అప్పుడు అర్థమైంది. ధర లేనప్పుడు నేలలో వదిలేసి కాచుకునే వీలు ఆ పంటకు ఉంది. ఆరు నెలలు ఆగినా "మార్జిన్ కట్టు" అని భూమి ఫోన్ చేయదు. అప్పు మీద పదింతలు కొన్న కాఫీకి ఆ వీలు లేదు. అది ముందు నా ఓపికను అమ్మించింది, తరువాత సరుకును. రైతుకున్న ఒకే ఒక బలాన్ని ఇంట్లో వదిలేసి పోయి బేరంలో కూర్చున్నాను.

తరువాత తెలిసింది, కాఫీతో నిజంగా బతికేవాళ్లు ఈ ఆట నాలా ఆడరు. అరకు వైపు గిరిజన రైతులు ఎకరం రెండెకరాల్లో పండిస్తారు, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ గిరిజన సహకార సంస్థ కొనుగోలు ధర ముందుగా ప్రకటిస్తుంది. 2025లో ఆ తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించినప్పుడు వాళ్లు కాయలు ఏరి నాశనం చేసే పనిలో పడ్డారు. నేను ఆ వార్తను కూడా "ధర పెరుగుతుందా" అనే చదివాను. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసే సీసీఎల్ లాంటి కంపెనీ ఆర్డరు చేతిలో పెట్టుకొని గింజ కొంటుంది. ధర ఎటు పోతుందన్న బెంగను వీలైనంత వరకు ఇంకొకరి నెత్తిన పెట్టడమే వ్యాపారుల పద్ధతి. ఆ ఇంకొకరు ఎవరా అంటే, జహీరాబాద్ నుంచి నేను వెళ్లి నిలబడ్డాను.

ఇక ఆ సిగ్గు సంగతి. నేను కొన్నది కాఫీ కాదు, న్యూయార్క్ కాంట్రాక్టు కూడా కాదు. అక్కడి ధర మీద ఆ యాప్‌వాళ్లతో నేను కట్టిన పందెం, అంతే. నేను ఓడితే ఆ డబ్బు వాళ్లది. డబ్బు పంపిన ప్రతిసారీ అవతలి ఖాతా పేరు మారింది, ఒకసారి ఏదో బట్టల దుకాణం పేరు కూడా వచ్చింది. చూశాను, అయినా పంపాను. ఫిర్యాదు చేద్దామని తెలిసిన వకీలు దగ్గరికి పోతే, విదేశీ బేరాలకు మార్జిన్ డబ్బు ఇక్కడి నుంచి పంపడానికే రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవని, ముందు నేనే జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని అన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాను. గాజుల సంగతి మా ఇంటామెకు ఆ రాత్రే చెప్పాను. ఆమె ఏమన్నదో రాయను, అందులో ఒక్క మాట కూడా అన్యాయం లేదు.

అనుమతి లేని విదేశీ మారకపు (ఫారెక్స్) ట్రేడింగ్ వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 నుంచి ఒక అలర్ట్ లిస్టు ప్రకటిస్తోంది. బ్యాంకు వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు అనుకోవద్దని అందులోనే రాసి ఉంది. మోసం జరిగిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. నేను భయపడి నెలలు గడిపాను. మీరు ఆ పని చేయకండి.