డోసు తగ్గించే డాక్టరు కావలెను

డోసు పెంచిన డాక్టరును ఎవరూ ఏమీ అడగరు. కేసు పడదు, సదస్సులో ఎవరూ వేలెత్తి చూపరు, రోగి బంధువులు సైతం "ఈసారి గట్టి మందు రాశాడు" అని తృప్తిగా బస్సెక్కుతారు. తగ్గించాలంటేనే సవాలక్ష సందేహాలు. తిరగబెడితే ఎవరిది పూచీ? మార్గదర్శకాల్లో ఏ పేజీలో ఉంది? పై గదిలో ఉన్న పెద్దసారు ఏమంటారు? అందుకే మన బ్లడ్ క్యాన్సర్ ఓపీల్లో ఒక శాస్త్రం స్థిరపడిపోయింది. మందుకు పైకెక్కే మెట్లే ఉంటాయి, దిగే మెట్లుండవు.

నేను మాట్లాడుతున్నది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా గురించి. ఓపీ వరండాలో దాన్ని అందరూ సీఎంఎల్ అనే అంటారు. ఒకప్పుడు కొన్నేళ్లలో మనిషిని పట్టుకుపోయే జబ్బు. 2001 మే నెలలో అమెరికాలో ఇమాటినిబ్ అనే మాత్రకు అనుమతి వచ్చాక దాని తలరాత మారింది. మందుకు బాగా లొంగినవాళ్ల ఆయుర్దాయం ఇప్పుడు మామూలు మనుషుల ఆయుర్దాయానికి దాదాపు చేరువలో ఉంది. చేతులెత్తి దండం పెట్టాల్సిన మందే, అందులో వ్యంగ్యం లేదు. కానీ మూడు నెలలు మింగే మందు వేరు, ముప్ఫై ఏళ్లు మింగాల్సిన మందు వేరు. ఆ సంగతి ప్రిస్క్రిప్షన్ ప్యాడ్‌కు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇమాటినిబ్ డోసు రోజుకు 400 మిల్లీగ్రాములనే అంకె వేదంలో ఉందనుకునే భక్తుల కోసం కాస్త చరిత్ర. 1998లో మొదలైన తొలి పరీక్షలో రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 1000 దాకా పెంచుకుంటూ పోయారు. ఇంతకుమించి మనిషి తట్టుకోలేడు అనే గీత ఎక్కడుందో ఆ పరీక్షలో తేలనే లేదు. 300, ఆపైన ఇచ్చినవాళ్లలో దాదాపు అందరికీ రక్తకణాలు దారికొచ్చాయి. చివరికి 400 ఖాయమైంది. జబ్బును మెడబట్టి లొంగదీయడానికి మంచి అంకె, కాదనను. నల్గొండలో 45 కిలోల కూలి మనిషికీ అంతే, టెక్సాస్‌లో 110 కిలోల ఆసామికీ అంతే. మొదటి రోజుల్లో దానికి కారణాలున్నాయి, వదిలేద్దాం. ఎనిమిదేళ్లు గడిచి, రక్తంలో జబ్బు ఆనవాలును కొలిచే పీసీఆర్ రిపోర్టులో అది పదివేలలో ఒక వంతుకు దిగాక కూడా అదే 400 ఎందుకు? దీనికి జవాబు ఒకే మాట: "ప్రోటోకాల్."

ఓపీ గదిలో ఆ సంభాషణ ఇలా నడుస్తుంది.

"సారూ, కండ్ల కింద ఉబ్బు పోతలేదు. రాత్రయితే పిక్కలు పట్టుకుంటున్నయి. మందు జర తగ్గిస్తరా?"

"రిపోర్టు మంచిగున్నదమ్మా. మందు పనిచేస్తున్నప్పుడు ఎందుకు తగ్గించుడు?"

"మరి నిరుడు అడిగితే..."

"నిరుడు రిపోర్టు మంచిగలేకుండె. అప్పుడెట్ల తగ్గిస్తం?"

గమనించారుగా. బాగుంటే బాగుంది కాబట్టి తగ్గించరు. బాగాలేకపోతే బాగాలేదు కాబట్టి తగ్గించరు. ఈ తర్కం ముందు ఏ వకీలూ నిలవడు. ఆ తర్వాత పెన్ను చీటీ మీద మూడక్షరాలు గీకుతుంది: సీఎస్‌టీ. అంటే ఉన్న మందే కొనసాగించమని. దాని కింద ఉబ్బుకు నీరు దించే మాత్ర, పిక్కలకు క్యాల్షియం, కడుపులో తిప్పుడుకు ఇంకో మాత్ర. మూల మాత్ర మాత్రం దాని సింహాసనం మీద అదే ఠీవితో కూర్చుని ఉంటుంది, దానివల్ల పుట్టిన బాధలకు తలా ఒక సేవకుడు. ఇమాటినిబ్‌కు ఒంటి రంగు పలచబరిచే గుణం కూడా ఉంది. మొహం తేలిపోయి ఊరికి చేరిన ఆమెను చూసి ఇరుగుపొరుగు అడిగే ప్రశ్న ఏమిటనుకున్నారు? "ఏం క్రీము వాడుతున్నవ్ వదినా?"

డోసు తగ్గించమనడం రోగి మంకుపట్టు అనుకునే సార్లు బ్రిటన్ వైపు ఒకసారి చూడాలి. డెస్టినీ అనే పరీక్ష జరిగింది అక్కడ. కనీసం మూడేళ్లు మందు వాడి, జబ్బు అదుపులో ఉన్న 174 మందికి ఏడాది పాటు సగం డోసు ఇచ్చారు. ఇమాటినిబ్ 400 వాడేవాళ్లకు 200, ఇదే జబ్బుకు ఇంకో మందైన డాసాటినిబ్ 100 వాడేవాళ్లకు 50. జబ్బు ఆనవాలు నిలకడగా 0.01 శాతం లోపు ఉన్న 125 మందిలో, ఆ ఏడాదిలో మళ్లీ 0.1 శాతం గీత దాటింది ముగ్గురికే. అంత లోతుకు నిలకడగా దిగకుండా 0.1 శాతం లోపు ఉన్న 49 మందిలో 9 మందికి దాటింది. దాటిన పన్నెండుగురూ పాత డోసుకు వెళ్లగానే కొద్ది నెలల్లో మళ్లీ అదుపులోకి వచ్చారు. తగ్గించిన తొలి మూడు నెలల్లోనే ఒంట్లో బాధలు తేలికయ్యాయని చాలామంది చెప్పారు. ఈ ఫలితాలు 2017లో, 2019లో లాన్సెట్ హెమటాలజీలో అచ్చయ్యాయి. ఎవరికి తగ్గించవచ్చు, ఎవరికి ఆగాలి అని ఇంత తేటగా చెప్పిన కాగితం ఓపీ గదికి చేరడానికి ఇన్నేళ్లు సరిపోలేదు. కొత్త మందు కరపత్రమైతే సాయంత్రం ఫ్లైటుకే దిగుతుంది.

ఎందుకు చేరలేదో ఊహించడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. డెస్టినీకి డబ్బు పెట్టింది న్యూకాసిల్ విశ్వవిద్యాలయం, బ్లడ్‌వైజ్ అనే స్వచ్ఛంద సంస్థ. తమ సరుకు సగమే అమ్ముడుపోవాలని పరీక్ష పెట్టించే కంపెనీని ఈ భూమ్మీద ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. సగం డోసుకు మెడికల్ రెప్ ఉండడు. సగం డోసు పేరు మీద పెన్నూ రాదు, డైరీ రాదు, స్టార్ హోటల్లో విందుతో కూడిన ఉపన్యాసం అసలే రాదు.

జపాన్‌వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. డెబ్బై దాటిన కొత్త రోగులకు డాసాటినిబ్ 100 బదులు 20తో మొదలుపెట్టి చూశారు. ఏడాది తిరిగేసరికి సగానికి పైగా మందిలో జబ్బు 0.1 శాతం గీత కిందికి వచ్చింది. మన దగ్గర డెబ్బై ఐదేళ్ల తాతకు డాసాటినిబ్ వల్ల ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే సూదితో నీరు తీస్తారు, మందు పదిరోజులు ఆపుతారు, నీరు ఇంకిపోగానే మళ్లీ అదే 100 మొదలు. రెండోసారి నీరు చేరితే తాత శరీరతత్వం మంచిది కాదంటారు.

కంపెనీలకు కూడా తగ్గించడం చేతనవుతుంది, మెడ మీదికి వస్తే. ఇదే జబ్బుకు వాడే పొనాటినిబ్‌ను 2012 చివర్లో 45 మిల్లీగ్రాములతో మార్కెట్లోకి దించారు. రక్తనాళాలు మూసుకుపోయి గుండెపోట్లు, పక్షవాతాలు బయటపడేసరికి 2013 అక్టోబరులో అమెరికాలో అమ్మకాలు ఆపాల్సి వచ్చింది. మళ్లీ తెచ్చాక, జబ్బు 1 శాతానికి దిగితే డోసు 15కు తగ్గించమని ఇప్పుడు దాని లేబులు మీదే ఉంది. మూడో వంతు! అంటే తగ్గించడం శాస్త్రానికి విరుద్ధం కాదన్నమాట. రోగి పిక్కలు పట్టేయడం దానికి చాలిన కారణం కాదు, అంతే.

ఇక్కడ మన దేశం ఘనత కూడా చెప్పుకోవాలి. ఇమాటినిబ్ పేటెంటు కోసం నోవార్టిస్ కంపెనీ వేసిన కేసును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. నెలకు లక్ష దాటిన కంపెనీ మాత్రకు బదులు, అందులో పదో వంతు ధరకే జనరిక్ మాత్ర నిలబడింది. మాత్ర ధర మీద సుప్రీంకోర్టు దాకా కొట్లాడి గెలిచిన దేశంలో, మాత్ర బరువు మీద ఓపీ గదిలో మాట పెగలదు.

అయితే డాక్టర్లకు తెలియని రహస్యం ఒకటి ఉంది. డోసు ఎప్పుడో తగ్గిపోయింది. తగ్గించింది రోగే. పెళ్లికి పోయేముందు రెండు రోజులు మానేసింది, అక్కడ వాంతులైతే పరువు పోతుందని. నాట్ల కాలంలో రోజు విడిచి రోజు వేసుకుంది, కాళ్లు లాగితే పని సాగదని. నెలాఖరులో డబ్బు అందకపోతే నాలుగు రోజులు ఖాళీ. డాక్టరు "మందు సక్రమంగా వాడుతున్నారా?" అంటే "వాడుతున్న సారూ" అనే జవాబు తడుముకోకుండా వస్తుంది. తిట్లు ఎవరు తింటారు? లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఆసుపత్రి వాళ్లు మాత్రల డబ్బా మూతలో చిప్ పెట్టి లెక్కగట్టి 2010లో చెప్పింది ఇదే: రాసిచ్చిన డోసులో నూటికి 90 కూడా వేసుకోనివాళ్లలో జబ్బు లోతుకు దిగే అవకాశం బాగా పడిపోతుంది. మొదటి సంవత్సరాల్లో, జబ్బు ఇంకా లొంగనప్పుడు, ఇలా దొంగచాటుగా తగ్గించడం ప్రమాదం. మందుకు లొంగని మార్పులు పుడితే తర్వాత అదే మాత్ర పట్టకపోవచ్చు. కాబట్టి మన గదుల్లో జరుగుతున్నదేమిటంటే, పరీక్ష చూసి తగ్గించే దారికి తాళం వేసి, పరీక్ష లేకుండా తగ్గించే దారిని బార్లా తెరిచిపెట్టారు. పైగా దీనికి జాగ్రత్త అని పేరు.

దీన్ని చదివి రేపటినుంచి మాత్రను చాకుతో కోసేవాళ్లుంటే, దయచేసి ఆ చాకు ఉల్లిపాయలకే ఉంచండి. తగ్గించడం అంటే పీసీఆర్ ఎక్కువసార్లు చేయించుకోవడం. డెస్టినీలో నెలనెలా చేశారు. ఒక్కో పరీక్షకు మన ప్రైవేటు ల్యాబుల్లో వేలల్లో బిల్లవుతుంది. మాత్రలో మిగిలింది ల్యాబుకు పోయినా, ఆ డబ్బుకు కనీసం సమాచారం వస్తుంది. ఇది అక్యూట్ లుకేమియా సంగతీ కాదు. అక్కడ లెక్కలే వేరు.

తగ్గించే డాక్టర్లు లేరని అనను. ఉన్నారు. వాళ్ల పేర్లు వరండాలో బ్లాకు టికెట్ల మాదిరిగా చేతులు మారుతుంటాయి: "ఫలానా ఊళ్లో ఒకాయన ఉన్నాడట, అడిగితే వింటాడట." వినడం కూడా స్పెషాలిటీ అయిన కాలమిది. అందుకని పత్రికాముఖంగా ఒక ప్రకటన ఇస్తే తేలిపోతుంది.

కావలెను: ఒక డాక్టరు. డిగ్రీలు ఎన్నున్నా అభ్యంతరం లేదు. గత ఐదేళ్ల పీసీఆర్ రిపోర్టులు వరుసగా పేర్చి చూసే ఓపిక ఉండాలి. రోగి కాళ్ల నొప్పి అంటే కాళ్ల వైపు ఒకసారి చూడాలి. ఎన్ని మాత్రలు మానేశావని అడిగినప్పుడు నిజం చెప్పినవాళ్లను తిట్టకూడదు. డోసు తగ్గించి తీరాలన్న షరతేమీ లేదు. తగ్గించకూడదని తేలితే ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు. "ప్రోటోకాల్" అనే మాట అందులో ఉంటే దరఖాస్తు తిరస్కరించబడును.