బెంగళూరులో రోజూ తుఫానే

నేను బారోమీటరును. పాఠ్యపుస్తకాల్లో నా పేరు భారమితి. ఇంగ్లండులో పుట్టి, బందరులో పెరిగి, ఇప్పుడు బెంగళూరు మల్లేశ్వరంలో ఒక హాలు గోడకు వేలాడుతున్నాను. నాలో పాదరసం లేదు. గాలి తీసేసిన రేకు డబ్బీ ఉంది, అది నొక్కుకుపోకుండా ఒక స్ప్రింగు ఉంది. గాలి బరువు పెరిగితే డబ్బీ అణుగుతుంది, తగ్గితే పొంగుతుంది. ఆ పిసరంత కదలికే మీటల మీదుగా వెళ్లి ముల్లును తిప్పుతుంది. 1844లో లూసియాన్ విడీ అనే ఫ్రెంచివాడి ఉపాయమిది.

నా ముఖం మీద అంకెల పక్కన మాటలు కూడా ఉన్నాయి. పాదరసం లెక్కలో 28 అంగుళాల దగ్గర స్టార్మీ, 29 దగ్గర రెయిన్, 30 దగ్గర ఫెయిర్. సముద్రమట్టాన బతికేవాళ్ల కోసం రాసిన మాటలవి, బందరులో అతికినట్టు సరిపోయాయి. 1977 నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన పడిన రోజు, ముల్లు దిగుతుంటే మా ఇంటి తాతగారు (అప్పటికి కుర్రాడే) నా ముందు నుంచి కదల్లేదు.

తర్వాతెప్పుడో కొడుకు ఉద్యోగం కోసం అందరూ బెంగళూరు బయల్దేరారు. రైల్లో నేను తాతగారి ఒళ్లో, తువ్వాలు చుట్టుకుని. బండి మిట్టెక్కుతున్నకొద్దీ ముల్లు పడిపోతోంది. హిందూపురం దాటేసరికి స్టార్మీ కిందికి జారాను. కిటికీలోంచి చూస్తే మండే ఎండ, వేరుశనగ చేలు!

ఈ ఊరు 920 మీటర్ల ఎత్తున ఉంది. నెత్తిమీది గాలి ఆ మేరకు తక్కువ. ఇక్కడ నాకు రోజూ 27 అంగుళాల లోపే, అంటే సుమారు 910 మిల్లీబార్లు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ కేంద్రంలో లెక్కగట్టింది 912. ఆ లెక్కన మల్లేశ్వరంలో ఫిల్టర్ కాఫీ తాగే ప్రతి పొద్దూ మహాతుఫాను నడిబొడ్డే. అందుకే వాతావరణ శాఖవాళ్లు అంకెను సముద్రమట్టానికి సరిచేశాకే ఊరితో ఊరిని పోలుస్తారు. టీవీలో వినే అల్పపీడనంలోని ఆ ‘అల్ప’ చుట్టుపక్కల గాలితో పోల్చి అన్నది, ఊరి ఎత్తును బట్టి కాదు.

మొన్న మనవరాలు అడిగింది: “తాతయ్యా, బారోమెట్రిక్ ప్రెషర్, అట్మాస్ఫియరిక్ ప్రెషర్ వేరువేరా?”

“ఒకటేనమ్మా. ఒకటి గాలి పేరుతో, ఇంకోటి కొలిచే దాని పేరుతో.”

నాకు భలే గర్వమేసింది. థర్మామీటరు పెట్టి చూశారని థర్మామెట్రిక్ జ్వరం అంటారా ఎవరైనా? బరువు గాలిది, పేరు నాది. “బారోస్ అంటే గ్రీకులో బరువు, మన భారమే” అని కూడా అన్నారాయన. అది మాత్రం తప్పు. ధ్వని కలిసిందంతే, బారోస్‌కు అసలు చుట్టం సంస్కృతంలోని ‘గురు’. చెబుదామంటే నాకు నోరేదీ?

వెనక మర తిప్పి ముల్లును ఫెయిర్ మీదికి తెద్దామని కొడుకు పోరాడు. తాతగారు ఒప్పుకోలేదు. అద్దానికి ఓ చీటీ అంటించి సిరాతో రాశారు: ‘ఇక్కడ ఇదే ఫెయిర్’. సిరా వెలిసింది. ఇప్పటికీ పొద్దున పదింటికి ఓసారి, సాయంత్రం నాలుగింటికి ఓసారి వేలితో అద్దం తడతారు. నాలుగింటికి ముల్లు ఇంచుమించు అంగుళంలో పదో వంతు దిగి ఉంటుంది. వానకు కాదు. ఎండ వల్ల గాలికీ రోజుకు రెండుసార్లు పోటూ పాటూ ఉంటాయి. బందరు మనిషి కదా, అది చూడనిదే ఆయనకు కాఫీ దిగదు.