బాడుగింటికి ఫాస్టాగ్

మా వడమాలపేట ఇంట్లో బాత్రూం కొళాయి కారతా ఉందంట. రాత్రంతా టప్ టప్‌మని చుక్కలు పడతా ఉంటే బాడుగోళ్ళకు నిద్ర పట్టడం లేదంట. తిరుపతిలో ఉండే నాకు ఆ చప్పుడు వినపడే దారే లేదు. అయినా నిద్ర పోయింది మాత్రం నాకే.

"మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటాది కదన్నా" అంటాడు బాడుగాయన, రోజూ. నేను పోయి చూస్తే కొళాయి సిగ్గుపడి ఆగిపోతుందా?

కావాల్సింది పది రూపాయల వాషరు. అది వేసే మనిషే దొరకడు. తిరుపతి ప్లంబరునడిగితే "వడమాలపేట పుత్తూరోళ్ళ లైను సార్" అంటాడు. పుత్తూరాయన్నడిగితే "ఆ పక్క తిరుపతోళ్ళే చూసుకుంటారు" అంటాడు. ఆఖరికి ఒకాయన కనికరించి వచ్చి, కొళాయి మెడకు సైకిలు ట్యూబు చుట్టి, ఎంసీల్ మెత్తి, పైన దారంతో బిగించి పోయినాడు. పుత్తూరు కట్టుకు పేరుమోసిన సీమ కదా, పైపులకూ అదే వైద్యం. ఎముకైతే అతుక్కునేదేమో. ఇది అతుక్కోలేదు.

వడమాలపేట అంటే బయటూరోళ్ళు "టోల్‌గేటు ఉంటుందే, ఆ ఊరేనా?" అంటారు. ఆ టోల్‌గేటును చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అక్కడ "ఈ నెల కొంచెం టైటుగా ఉందన్నా" అనే మాటే లేదు. బండి వచ్చింది, టింగ్‌మంది, డబ్బు పడింది. 2021 ఫిబ్రవరిలో కార్లకూ లారీలకూ ఫాస్టాగ్ తప్పనిసరి చేసిన సర్కారుకు ఇంటి ఓనర్లు ఎందుకు గుర్తుకు రాలేదో! మా గేటు మీద ఒక మెషిను, బాడుగాయన హెల్మెట్టుకు ఒక స్టిక్కరు. అంతే ఖర్చు. ఐదో తేదీ డ్యూటీకి బయల్దేరతాడు, టింగ్, బాడుగ నా ఖాతాలో. బ్యాలెన్సు లేదా, గేటు తెరుచుకోదు. క్యారియరు పట్టుకుని అక్కడే నిలబడాల. వెనక బడికి పోయే పిల్లోళ్ళు, వాళ్ళ వెనక పాలాయన, అందరూ హారన్లు కొట్టాల. నోట్లిస్తానంటే రెండింతలు కట్టాల్సిందే.

ఎంత హాయిగా ఉందో అనుకుంటానా, ఆయన గొంతు చెవిలో వినపడుతుంది: "బైకులకు టోలు లేదు కదన్నా!" నిజమే, లేదు. పోనీ దానికేదో సర్దుబాటు చేస్తే, "ఇరవై కిలోమీటర్ల లోపలోళ్ళకు నెల పాసుంటాది కదా, మేం ఇంట్లోనే ఉండేవాళ్ళం" అంటాడు. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు 3,000 రూపాయలకు 200 ట్రిప్పుల ఏడాది పాసు కూడా వచ్చింది. అది ఆయన చెవిన పడితే నా పని అయిపోయినట్టే. "సంవత్సరానికి మూడువేలంటే మాకూ సరిపోతాదన్నా" అంటాడు. ఇక టోల్‌గేటు దగ్గర, రాష్ట్రపతితో మొదలయ్యే, రుసుం కట్టనక్కరలేని పెద్దల బోర్డొకటి ఉంటుంది చూడండి, దాన్ని మా గోడకు తగిలిస్తే తెల్లారేసరికి రాష్ట్రపతి కింద బాడుగాయన బామ్మర్ది పేరు చేరి ఉంటుంది. ఇల్లు తీసుకున్నప్పుడు లెక్కలో లేని ఆ బామ్మర్ది పండక్కని వచ్చి, ఇంకా ఏ పండగ అయిపోవాలని చూస్తున్నాడో తెలియదు.

ఇంతకీ కొళాయి.

అగ్రిమెంటు ఉంది కదా అంటారు మీరు. ఉంది. ఏడాది దాటితే లీజును రిజిస్టరు చేయించాలంటారు కాబట్టి, అందరు ఓనర్ల మాదిరే నాకూ సంవత్సరానికి పదకొండు నెలలే. అందులో "చిన్న మరమ్మతులు బాడుగదారుడివే" అని స్పష్టంగా రాయించినా. ఆ మాటే ఎత్తితే, "చిన్నదో పెద్దదో మీరొచ్చి చూస్తే కదన్నా తెలిసేది" అన్నాడు.

ఆదాయపు పన్నోళ్ళు మాత్రం దయగలవాళ్ళు. ఇంటి బాడుగలో మరమ్మతులూ గట్రా కింద నూటికి ముప్పై వదిలేసి మిగతాదాని మీదే పన్నడుగుతారు. ఖర్చు పెట్టినా ముప్పయ్యే, పెట్టకపోయినా ముప్పయ్యే. ఆ అంకె వేసినాయన ఎన్నడూ బోరు మోటారు పైకి తీయించి ఉండడు. వేసవిలో అది కాలి వైండింగుకు పోయిందంటే, ఎత్తే కూలీ, దించే కూలీ, కొత్త కేబులూ కలిపి నా బాడుగ డబ్బులు నీళ్ళు రాకముందే నీళ్ళపాలు.

మొన్న బెంగళూరు నుంచి మావాడు ఫోను చేసినాడు. వాడుండేదీ బాడుగిల్లే. గోడంతా చెమ్మెక్కిందంట, పాపకు దగ్గు తగ్గడం లేదంట, ఇంటాయన ఫోనెత్తడం లేదంట. పది నెలల బాడుగ అడ్వాన్సుగా గుంజుకున్న ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిడదామనుకుంటే, మాట పెగల్లేదు. ఆ ఇంటాయన కూడా ఈపాటికి వాళ్ళావిడతో మావాడి గురించి సణుగుతా ఉంటాడు. వడమాలపేటలో ఇల్లు కట్టింది వీడి కోసమే. పెళ్ళయినాక పైన ఇంకో అంతస్తు వేసుకుంటాడని మిద్దె మీద పిల్లర్ల కమ్ములు అట్లే వదిలిపెట్టినాం. వాటికి బాడుగోళ్ళు తాడు కట్టి బట్టలారేసుకుంటున్నారు. మావాడు అక్కడ ఎవరి గోడకో ఒక మేకు కొట్టుకోవడానికి పర్మిషను అడుక్కుంటున్నాడు.

సరే, అగ్రిమెంటు తిరగరాయాల్సిన నెల వచ్చింది. ఐదు వందలు పెంచుతున్నానని ఫోనులో గట్టిగానే చెప్పినా.

"పెంచుకోండన్నా, దానికేముంది" అన్నాడు. "గీజరొకటి పెట్టియ్యండి. మనిషి కోసం మీరేం ఎతకబళ్ళేదు. మా బామ్మర్ది ప్లంబింగు పనే కదా చేసేది."