మసి అంటని రింగు

నేను రబ్బరు రింగుని. మందం పావు అంగుళం, వ్యాసం పన్నెండడుగులు. ఛాలెంజర్ వ్యోమనౌకను పైకి మోసుకెళ్ళే బూస్టర్ రాకెట్‌ను ముక్కలుగా తెచ్చి అతికేవారు. ఆ అతుకుల్లోంచి నిప్పుల వాయువు బయటికి తన్నుకురాకుండా చూడటం నా పని. 1984 అక్టోబర్ 5న ఫ్లోరిడాలో పైకి లేచాం. అతుకు దగ్గర 78 డిగ్రీల ఫారన్‌హీట్, హాయైన వెచ్చదనం. ఆ నౌకలో వ్యోమగామి శాలీ రైడ్ ఉంది. రెండు నిమిషాల్లో నా పని ముగిసింది. పారాచూట్లతో సముద్రంలో దిగిన బూస్టర్‌ను ఒడ్డుకు లాగి, అతుకులు విప్పి, నన్ను చూశారు. కాలిన గుర్తు లేదు, మసి లేదు. బాగుందని రాసుకున్నారు.

ఆ రాత అక్కరకు రావలసిన రాత్రి 1986 జనవరి 27. మర్నాడు ఛాలెంజర్ మళ్ళీ ఎగరాలి. చలి ముంచుకొస్తోంది. రోజర్ బోయిజోలీ, ఆర్నీ థాంప్సన్ అనే ఇంజనీర్లు, చలికి రబ్బరు బిరుసెక్కుతుందని, 53 డిగ్రీల లోపు ఎగరొద్దని గట్టిగా వాదించారు. అప్పటిదాకా అన్నిటికన్నా చల్లటి ప్రయాణం 53 డిగ్రీలదే. దెబ్బ ఎక్కువగా తిన్న రింగులూ దానివే. అయితే 75 డిగ్రీలప్పుడూ వాయువు జారింది కదా, చలిదే తప్పని ఎలా అంటారన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబు వాళ్ళ ముందున్న అంకెల్లో దొరకలేదు. ఎగరడానికే నిర్ణయమైంది.

రింగులు పాడైన ఏడు ప్రయాణాలనే గ్రాఫ్ మీద పెట్టి చూడండి. 53 దగ్గర ఒక చుక్క ఎత్తున ఉంటుంది, 75 దగ్గర ఇంకొకటి కొంచెం ఎత్తున, మిగిలినవి మధ్యలో కింద. చలికీ నష్టానికీ సంబంధమే లేదనిపిస్తుంది. ఒక్క చుక్కా అబద్ధం కాదు. నన్నెవరూ కావాలని దాచలేదు కూడా. పాడైనవాటి సంగతి చూస్తున్నప్పుడు పాడవనిదాంతో పనేమిటనుకున్నారు, అంతే. నా బాధంతా అక్కడే. ఊళ్ళో వాంతులు పట్టిన ఇళ్ళకే వెళ్ళి ఏ బావి నీళ్ళు తాగారని అడిగితే రెండు బావుల పేర్లూ వినిపిస్తాయి. నిక్షేపంగా ఉన్న ఇళ్ళ తలుపులూ తడితేనే, వాళ్ళలో ఎక్కువమంది ఏ బావి నీళ్ళు తాగారో తెలుస్తుంది.

జనవరి 28 ఉదయం గాలిలో వేడి 36 డిగ్రీలు, మన సెల్సియస్ లెక్కలో రెండు. ఎగిరిన 73 సెకన్లకు ఛాలెంజర్ ముక్కలైంది. ఏడుగురూ పోయారు. కుడి బూస్టర్ అతుకులో నాలాంటి రింగులే వాయువును ఆపలేకపోయాయి.

ఆ ప్రమాదంపై విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అందరి ముందూ రబ్బరు ముక్కను ఐసునీళ్ళలో ముంచి చూపించడం జనానికి గుర్తుంది. నాకు మాత్రం ఆ విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ నివేదికలో వేసిన రెండు గ్రాఫులు ఇంకా ముఖ్యం. శాలీ రైడ్ కూడా ఆ కమిషన్‌లో సభ్యురాలే. మొదటి గ్రాఫ్‌లో పాడైన ఏడే ఉన్నాయి. రెండో దాంట్లో పాడవని మేం కూడా ఉన్నాం, సున్నా గీత మీద, వెచ్చటి వైపు గుంపుగా. అలా చూస్తే 66 డిగ్రీలూ ఆపైన ఇరవై ప్రయాణాల్లో మూడింటికే నష్టం. 63, అంతకన్నా తక్కువలో నాలుగింటికి నాలుగూ పాడయ్యాయి.

రెండో గ్రాఫ్ గీయడానికి కొత్త పరీక్ష ఏదీ చేయనక్కర్లేదు. ఆ చుక్కలన్నీ జనవరి 27 రాత్రికే దస్త్రాల్లో ఉన్నాయి.