ఉద్యోగం రాని ఇంధనం నేర్చుకోండి

అమీర్‌పేటకు వచ్చినవాళ్లు మైత్రీవనం చుట్టూ బ్యానర్లు చదివి, ఏ కోర్సుకు ప్లేస్‌మెంట్లు ఉన్నాయో కనుక్కుని ఫీజు కడతారు. రాకెట్ ఇంజన్ల వైపు వెళ్లాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఉద్యోగాలు లేని ఇంధనంతో మొదలుపెట్టండి. ద్రవ ప్రొపేన్ నేర్చుకోండి.

మన దగ్గర దాని మీద నడుస్తున్న పెద్ద పనులు లేవు, ఆ మాట నిజమే. ఇస్రో తన సెమీక్రయో ఇంజన్‌కు శుద్ధి చేసిన కిరోసిన్ ఎంచుకుంది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2021 నవంబరులో నాగ్‌పూర్‌లో మండించి చూసిన ధవన్-1 ఇంజన్ ద్రవ ఆక్సిజన్‌తో పాటు ఎల్‌ఎన్‌జీ, అంటే దాదాపు మీథేన్, వాడుతుంది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన వాళ్ల విక్రమ్-ఎస్‌లో ఉన్నది ఘన ఇంధనం. ఎంచుకున్న ఇంధనాన్ని మెటీరియల్ జిరాక్స్ తీసి బట్టీ పడితే అది ఒక్కటే వస్తుంది. పక్కన పెట్టిన ఇంధనానికి మీరే లెక్క కడితే, ఎంచుకున్నదాని గుట్టు కూడా తెలిసిపోతుంది.

రెండో సలహా మాస్టార్లకు నచ్చదు. ఇంధనం బరువుకు ఎంత తోపు వస్తుందో చెప్పే స్పెసిఫిక్ ఇంపల్స్ పట్టికను కొన్నాళ్లు మూసేయండి. ఆ పట్టికలో ఎప్పుడూ హైడ్రోజన్‌దే ఫస్ట్ ర్యాంకు. కానీ ద్రవ హైడ్రోజన్ లీటరుకు 70 గ్రాములే తూగుతుంది. మీథేన్ 420 గ్రాములు, కిరోసిన్ 800 పైచిలుకు. తేలికైన ఇంధనానికి పెద్ద ట్యాంకు కావాలి, పెద్ద ట్యాంకుకు గోడ బరువు, ఇన్సులేషన్ బరువు, పైగా గాలి అడ్డు. అందుకే ముందు ట్యాంకు బొమ్మ గీయండి, ఇంజన్ సంగతి తర్వాత. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయారు. దానితోనే అబ్దుల్ కలాం బృందం పిల్లల కాళ్లకు క్యాలిపర్లు చేసింది. 3 కిలోల బరువు 300 గ్రాములకు దిగింది. రాకెట్ మనుషులు బరువును ఎంత పట్టించుకుంటారో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక అసలు సలహా. ప్రొపేన్‌ను అవసరానికి మించి చల్లబరచండి. అది మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అక్కడికి చల్లబరిస్తే ద్రవంగా నిలుస్తుంది కదా, చాలదా అంటారు. చాలదు. ద్రవ ఆక్సిజన్ ఉండే మైనస్ 183 దాకా దించండి. ప్రొపేన్ గడ్డకట్టేది మైనస్ 187 దాటాకే, కాబట్టి అక్కడ కూడా ద్రవంగానే ఉంటుంది. మరిగే చోట లీటరుకు 580 గ్రాములున్నది అక్కడ 720 దాటుతుంది. టన్ను ప్రొపేన్‌కు 1,720 లీటర్ల బదులు 1,400 లోపు చాలు. అదే టన్ను మీథేన్‌కైతే 2,400 లీటర్లు కావాలి. రెండు ట్యాంకులూ ఒకే చలిలో ఉంటాయి గనుక మధ్యలో ఒకే గోడ పెట్టుకోవచ్చు, ఇన్సులేషన్ బెడద దాదాపు ఉండదు. మీథేన్ అయితే మైనస్ 182.5 దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది, ఆక్సిజన్ పక్కన దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. కిరోసిన్ మాట చెప్పనే అక్కర్లేదు, అంతకు ఎంతో ముందే బిగుసుకుపోతుంది. ఈ మూడు ఇంధనాల గీతలనూ ఒకే గ్రాఫ్ కాగితం మీద చేత్తో గీసి చూడండి. ఆ ఆనందం వేరు.

దీనికి మూల్యం కూడా ఉంది. మామూలు వేడిలో ప్రొపేన్ తన ఆవిరితో తానే 8 అట్మాస్ఫియర్ల పైన ఒత్తిడి పుట్టించుకుంటుంది. అంత చలిలో ఆ ఒత్తిడి దాదాపు సున్నా, ద్రవం కూడా చిక్కబడుతుంది. పంపు దాకా దాన్ని తోయడానికి హీలియం మోయాలి.

హాస్టల్ గదిలో వంటకు వాడే సిలిండర్ చూసి ఇదే కదా ప్రొపేన్ అనుకోకండి. మన ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. మామూలు బ్యూటేన్ మైనస్ 138 దగ్గరే గడ్డకడుతుంది, అంటే పైన చెప్పిన చలి దానికి పనికిరాదు. లీకైతే తెలియడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టన్‌లో గంధకం ఉంటుంది. ఇంజన్ గోడల్లోని రాగికి గంధకం శత్రువు. పైగా ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేలబారున పరుచుకుని ఎక్కడో ఉన్న నిప్పును అందుకుంటుంది. డాబా మీద ప్రయోగాలు వద్దే వద్దు. మండించే పనంతా నాసా వాళ్ల సీఈఏ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో చేయండి. చేతులకు పని కావాలంటే బాలానగర్ వైపు వెళ్లి వాల్వులు, వెల్డింగు నేర్చుకోండి.

చివరగా, మీథేన్ కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చుని ప్రొపేన్ తరఫున వాదించండి. కానీ అవతలివాళ్ల పక్షం ముందే చదువుకుని వెళ్లండి. మీథేన్ శుభ్రంగా మండుతుంది, శీతలీకరణ గొట్టాల్లో మసి పేరుకోదు, ఎల్‌ఎన్‌జీగా విరివిగా దొరుకుతుంది. చైనా రాకెట్ జూచ్యూ-2 మీథేన్‌తోనే 2023 జులైలో కక్ష్య చేరింది. ప్రొపేన్‌తో జర్మనీ కంపెనీ ఈజార్ ఏరోస్పేస్ 2025 మార్చి 30న నార్వే నుంచి వదిలిన స్పెక్ట్రమ్ రాకెట్ దాదాపు 30 సెకన్లకే సముద్రంలో పడింది. ఈ రెండో సంగతి దాచకుండా మీరే ముందు చెప్పండి. తర్వాత ట్యాంకు బొమ్మ గీసి చూపించండి. బాగా తెలిసినవాళ్లెవరైనా వెంటనే హీలియం బరువు ఎంతని అడుగుతారు. ఆ అంకె కిలోల్లో సిద్ధంగా ఉంచుకోండి.