పది రూపాయల లోపు చరిత్ర

దౌల్తాబాద్ నుంచి తాండూరు దాకా ఏ వీధిలో జేసీబీ దిగినా గట్టు మీద గుంపు అడిగే మాట ఒక్కటే: "లంకెబిందె ఏమన్న తగిలిందా?"

"లే అన్నా, అన్నీ చిల్లపెంకులే."

అంతే, గుంపు చెదిరిపోతుంది.

జనాన్ని ఏమనగలం? 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో వెంచర్ కోసం భూమి చదును చేస్తుంటే బిందె బయటపడింది, లోపల బంగారు, వెండి నగలు. వెంటనే పూజలు, పోలీసులు, టీవీలు. ఆ బిందెలో మూకుడు ముక్కలుంటే గ్రామ కావలికారు కూడా వచ్చేవాడు కాదు.

చట్టమూ మన పక్షమే. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలి. చిల్లపెంకును తిప్పి చూస్తే లోపలివైపు, సారె మీద కుమ్మరి వేళ్లు తిరిగిన గీతలు కనిపిస్తాయి. వాటికి పది రూపాయలెవరిస్తారు?

బండ తగిలితే మాత్రం కాంట్రాక్టరు మొహం విప్పారుతుంది. కాకతీయుల నాటిదో కుతుబ్‌షాహీల నాటిదో, దాని మీద ఉలి గాట్లున్నా, దూలం కూర్చోడానికి తొలిచిన గాడి ఉన్నా, కొలతల పుస్తకం (ఎంబీ)లో ఎక్కేది 'హార్డ్ రాక్' అనే. మట్టి తవ్వకం కన్నా రాయికి రేటెక్కువ మరి. బిల్లు పాసయ్యాక ఆ బండ ఎవరింటి ముందో మోరీకి మూతవుతుంది.

ఊళ్లలో పాత దిబ్బను పాటిగడ్డ అంటారు. ఆ మన్ను చేనుకు బలమని బండ్లకెత్తి తోలుకోవడం తాతల నాటి అలవాటు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ దిబ్బకు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 1940-42లో నిజాం పురావస్తు శాఖ తవ్వితే శాతవాహనుల కట్టడాలు, నాణేలు, మట్టిబొమ్మలు దొరికాయి. మ్యూజియం కూడా వెలిసింది. మిగిలిన దిబ్బలు పొలాల్లో కలిశాయి. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, ఆ పప్పు రుచిలో ఏ రాజవంశం వాటా ఎంతో తేల్చడానికి ఒక కమిటీ వేయాలి.

వీధిలో జేసీబీ తవ్విన కాలువ పూడ్చాక పాత సీసీ తీయకుండా దాని మీదే కొత్త సీసీ పోస్తారు. రోడ్డు పెరిగి వాకిలి గుంటలో పడుతుంది, వానొస్తే వీధి నీళ్లన్నీ ఇంట్లోకే. రేపటి తవ్వకందార్లకు కాలనిర్ణయం మహా సులువు: ఎన్నికకో పొర, పొరల మధ్య గుట్కా ప్యాకెట్లు, పాల కవర్లు. ప్రతిదాని మీదా తయారీ తేదీ, ఎమ్మార్పీ అచ్చేసి ఉంటాయి. పాపం, కుమ్మరికి అంత ముందుచూపు లేకపోయింది.